దేవుడు తీసేసిన రెయిన్‌కోటు

ఫోను మోగినప్పుడు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. మా అత్తవారిది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. ఇంట్లో ఉప్పయినా అయిపోతుందేమో గాని ఉల్లిపాయలు అయిపోవు. కళ్లనిండా నీళ్లతో మోచేత్తో ఫోను నొక్కి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"తేజస్వీ, నిన్ను తీసుకున్నారమ్మా! సోమవారం వచ్చి చేరిపో," అన్నారు గ్రేస్ మేడమ్. ఎం.ఎస్సీలో నాకు బోటనీ చెప్పిన మేడమ్, ఇప్పుడు ఏలూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆ డిపార్టుమెంటుకి పెద్ద. "ప్రభువు ఎంత మేలు చేశాడో చూడు!"

థాంక్యూ మేడమ్ అని నాలుగైదుసార్లు అన్నట్టున్నాను. ఫోను పెట్టేసరికి, వాకిట్లో బండి తుడుచుకుంటున్న మా ఆయన గుడ్డతో సహా వంటింటి గుమ్మంలో ఉన్నారు.

"ఏమైంది తేజూ? ఎందుకేడుస్తున్నావు?"

"ఏడవట్లేదండీ, ఉల్లిపాయలు. వచ్చిందండీ!"

"ఏమొచ్చింది?"

"ఉద్యోగం!"

మాకు పెళ్లయి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. ఇలాంటి మాట వినగానే కొత్త మొగుడు ఏం చేస్తాడో నాకు కొన్ని ఊహలున్నాయి. పక్కన అత్తయ్యగారు ఉన్నారు కాబట్టి ఎత్తుకుని తిప్పడం కుదరదు. కనీసం చెయ్యి పట్టుకోవచ్చు. నేను కత్తి పక్కన పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని సిద్ధంగా ఉంచాను కూడా.

ఆయన గిరుక్కున వెనక్కి తిరిగి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని దేవుడి గదిలోకి వెళ్లిపోయారు.

లోపల్నుంచి గొంతు వినిపించింది. "స్వామీ, తేజస్వికి ఏలూరు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి." పక్క ఊళ్లో ఉన్న పెదనాన్నకి ఫోనులో చెప్తున్నట్టే ఉంది.

ఈ ఇంటి పద్ధతి అది. మంచి వార్త ఏదొచ్చినా ముందు దేవుడి గదిలో పైకి చెప్పాలి. ఆ తర్వాతే మనుషులకి. ఆయనకి చెప్పకముందు ఒకరినొకరు మెచ్చుకోకూడదు, నోరు తీపి చేసుకోకూడదు. మావయ్యగారు పాండురంగారావుగారు మార్కెట్ యార్డులో మంచి సరుకు దొరికినా సరే, ఇంటికొచ్చి ముందు ఆ గది గుమ్మం దగ్గర నిలబడి చెప్తారు. చెడ్డ వార్తలు చెప్పక్కర్లేదట. కొత్తలో అత్తయ్యగారిని అడిగాను.

"చెడ్డవి ఆయనకి ముందే తెలుస్తాయి కదమ్మా," అన్నారు.

"మరి మంచివి తెలియవాండీ?"

"తెలుసు. అయినా మన నోట వినాలని ఉంటుంది ఆయనకి."

అప్పుడు ఆ మాట ఎంత బాగుందో అనుకున్నాను. ఇప్పుడు నా సొంత ఉద్యోగం విషయంలో అంత బాగాలేదు. అత్తయ్యగారు అప్పటికప్పుడు బెల్లం పరమాన్నం వండారు. మొదటి గిన్నె దేవుడికి. యాలకుల వాసన నా ముక్కు కిందుగా ఆ గదిలోకి వెళ్లింది. అది తిరిగొచ్చాక నాకు పెట్టారు. నా ఉద్యోగం తాలూకు మొదటి తీపి నేను తినలేదన్నమాట.

చివరికి మా ఆయన నా దగ్గరికి వచ్చారు. కళ్లు మెరిసిపోతున్నాయి.

"చూశావా తేజూ, దేవుడి చెయ్యి!"

"మైక్రోస్కోపులో కళ్లు పెట్టి కూర్చున్నది నేనండీ."

"కాదన్నానా? ఆ కళ్లు ఎవరిచ్చారు?"

ఇలాంటి మనిషితో ఎలా పోట్లాడాలో ఎం.ఎస్సీలో ఎక్కడా చెప్పలేదు.

మా ఆయన పేరు కార్తికేయ. ఛాదస్తుడనుకునేరు, కాదు. జీన్సు వేస్తారు, క్రికెట్ చూస్తూ కేకలేస్తారు, వారానికోసారి నన్ను వెనక కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీద ఊరికే తిప్పుతారు. ఇంటికొచ్చేటప్పుడు జేబులో ఏదో ఒకటి తెస్తారు. ఒక దోర జాంపండు, లేదంటే ఆకులో చుట్టిన సన్నజాజులు. ఒకసారి లారీలో దొరికిందని కవల ఉల్లిపాయ తెచ్చారు. రెండూ ఒకే పొట్టులో ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. దాన్ని కూరలో వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. కిటికీలో పెడితే మొలకొచ్చింది. అంత సంతోషంగా ఉన్నాను నేను ఈ ఇంట్లో.

ఒక్కటే బాధ. కొంతమందికి ఆడపడుచు మీద కుళ్లు ఉంటుంది, కొంతమందికి ఆయనగారి ఆఫీసులో పనిచేసే అమ్మాయి మీద. నాకు మా దేవుడి గదిలో ఉన్న ద్వారకాతిరుమల స్వామి పటం మీద.

కాఫీ బాగుంటే దేవుడి దయ. పాలు పొంగకుండా నిలబడి చూసింది నేను. బండి తాళం వెతగ్గానే దొరికితే దేవుడి చెయ్యి. సోఫా కింద పడున్నదాన్ని తీసి మేకుకి తగిలించింది నేను. చొక్కాకి వేలాడుతున్న గుండీని ఆయన స్నానం చేసి వచ్చేలోగా కుట్టి పెడితే, అద్దం ముందు నిలబడి, "ఊడిపోయిందనుకున్నానే! ఎలా ఉందో చూడు, అంతా ఆయన దయ," అన్నారు. నేను సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని పటం వైపు చూశాను. స్వామి మొహంలో చిన్న నవ్వు. ప్రతిసారీ తనే గెలుస్తానని తెలిసినవాడి నవ్వు.

నాకు కావలసింది పెద్దదేం కాదు. ఒక్కసారి, ఒక్క విషయంలో, "ఇది నువ్వు చేశావు తేజూ" అంటే చాలు. ఉద్యోగం వచ్చిన రోజు కూడా అనకపోతే ఇంకెప్పుడంటారు?

రెండ్రోజులు ఆ మాట కోసం చూశాను. పలకరించినవాళ్లందరికీ ఆయన చెప్పిందొకటే: "అంతా స్వామి చూసుకున్నాడండీ." గుండుగొలనులో బట్టల కొట్టు నడిపే మా నాన్నకి ఫోనులో అదే చెప్పారు. మా నాన్న కూడా అవతల్నుంచి, "అవును బాబూ, ఆయన చల్లని చూపు," అన్నారు. మా నాన్న కూడా! కాలేజీ రోజుల్లో నన్ను ఏలూరు బస్సెక్కించడానికి పొద్దున్నే హైవే దాకా వచ్చి నిలబడిన మనిషి, తన వంతు కూడా తీసుకెళ్లి ఆయనకే ఇచ్చేశారు. అక్కడ గ్రేస్ మేడమ్ ప్రభువుకి ఇచ్చారు, ఇక్కడ వీళ్లు స్వామికి ఇచ్చారు. పరీక్ష రాసినమ్మాయి ఊసు ఒక్కరికీ లేదు.

గురువారం పొద్దున్న నా ఓపిక అయిపోయింది.

ఆ రోజు మా ఆయన ఏలూరు మీదుగా కొల్లేరు దాటి కైకలూరు, ముదినేపల్లి వెళ్లాలి. అక్కడి కిరాణా కొట్లకి ఉల్లిపాయలు మేమే వేస్తాం. నెలకోసారి తనే వెళ్లి అందరినీ పలకరించి ఆర్డర్లు తెచ్చుకుంటారు. ఆకాశం అప్పటికే మబ్బు పట్టి ఉంది.

"కోటు ఉందాండీ?" అన్నాను.

"బండి పెట్టెలో ఎప్పుడూ ఉంటుందిగా, దేవుడి దయవల్ల," అని టిఫినుకి కూర్చున్నారు.

ఎప్పుడూ ఉంటుందట! తడిసిన ప్రతిసారీ దాన్ని పెరట్లో ఆరేసి, చేతులు లోపలికి మడిచి, మళ్లీ తీసుకెళ్లి పెట్టెలో సర్దేది ఎవరు?

ఆయన మూడో ఇడ్లీ తుంచుతుండగా నేను వాకిట్లోకి వెళ్లాను. పెట్టె తెరిచి రెయిన్‌కోటు తీసేశాను. తెచ్చి బియ్యం డ్రమ్ము వెనక దూర్చాను. 'ఇవాళ మీరే పెట్టుకోండి స్వామీ. మడత కూడా సరిగ్గా పెట్టండి,' అనుకున్నాను.

మళ్లీ వాకిట్లోకి వెళ్లాను. ఆయన ఫోను గుర్తొచ్చింది. పెళ్లికి మా తమ్ముడు ఇచ్చిన ఫోను, ఇంకా గీత కూడా పడలేదు. ఒక పాలిథిన్ కవరు, దానికి చుట్టడానికి రబ్బరుబ్యాండు తెచ్చి పెట్టెలో పెట్టాను. జాలిపడి కాదు. ఫోను కొత్తది, అందుకని.

పదకొండింటికి మా వీధిలో వాన మొదలైంది. ముందు చాలా హాయిగా ఉంది నాకు. పకోడీలకి పిండి కూడా కలిపాను. అరగంటకి ఆ హాయి తగ్గింది. వాన మాత్రం తగ్గలేదు. ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను.

"బండి మీద ఉంటాడులే," అన్నారు అత్తయ్యగారు సీతారత్నంగారు, పకోడీ విరుస్తూ. "అయినా కోటు ఉందిగా వాడి దగ్గర."

"ఉందేమోనండీ."

"ఉందేమో ఏంటమ్మా, నువ్వే కదా పెడతావు?"

నేను తలెత్తి చూశాను. ఆవిడ పకోడీలో పచ్చిమిరపకాయ ఏరుకుంటున్నారు. అంటే ఈవిడకి తెలుసన్నమాట! తెలిసీ రోజూ కొడుకుతో పాటు దేవుడి దయ అంటూనే ఉన్నారన్నమాట! కోపం రావాలి నిజానికి. కానీ పకోడీ గొంతులో అడ్డం పడింది.

మధ్యాహ్నం దేవుడి గది ముందుగా రెండుసార్లు నడిచాను. లోపలికి మాత్రం వెళ్లలేదు. వెళ్లి ఆయన్ని క్షేమంగా చూడమని అడిగితే పటంలో ఉన్నాయన గెలిచినట్టే. అడగలేదు. కాకపోతే పొద్దున పెట్టిన మందారం పటం మీంచి జారి ఉంది. అది సరిచేసి వచ్చేశాను. నేనేమీ మాట్లాడలేదు, ఆయనా మాట్లాడలేదు.

దీపాలు పెట్టే వేళకి బండి చప్పుడైంది. పరుగెత్తాను. ఆయన తడిసి, ఆరి, మళ్లీ తడిసి, ప్యాంటు మోకాళ్లదాకా బురదతో ఉన్నారు. మొహం మాత్రం పెళ్లినాడు కూడా నేను అలా చూడలేదు. అంత వెలుగు. నా గుండె కుదుటపడింది. పడగానే అనుమానమొచ్చింది. నన్ను చూసి వచ్చిన వెలుగు కాదది. ఎక్కడ్నుంచో తెచ్చుకున్నారు.

"తేజూ, అమ్మా, రండి రండి! ముందు..." అని కాళ్లు కడుక్కుని దేవుడి గది గుమ్మంలోకి వెళ్లి, నీళ్లు కారుతూ నిలబడి, "స్వామీ, ఇవాళ కొల్లేట్లో వాన చూశాను. భలే ఉంది," అన్నారు.

తర్వాత మాకు చెప్పారు. పెరటి మెట్ల మీద కూర్చుని, తువ్వాలు తల మీద వేసుకుని, చేతులు తిప్పుతూ.

ఏలూరు దాటి కొల్లేరు మధ్యలో రోడ్డు మీద వెళ్తుంటే దూరంగా నీళ్ల మీద నల్లటి తెర లాంటిది కనిపించిందట. కోటు వేసుకుందామని పెట్టె తీస్తే లేదు. ఎదురుగా వలలు పెట్టుకునే తాటాకు పాక ఉంటే బండి ఆపి అందులోకి వెళ్లారట.

"కోటుంటే ఏం చేసేవాణ్ణి? వేసుకుని తల వంచుకుని పోయేవాణ్ణి. పక్కకి కూడా చూసేవాణ్ణి కాదు. లేదు కాబట్టి నిలబడ్డాను. నిలబడ్డాను కాబట్టి చూశాను. వాన నడిచి రావడం ఎప్పుడైనా చూశావా తేజూ?"

"వాన నడవడం ఏంటండీ?"

"నిజంగా! ఆ చివర వాన, ఈ చివర ఎండ. రెండింటికీ మధ్య గీత గీసినట్టుంది నీళ్ల మీద. ఆ గీత మెల్లగా నా వైపు వస్తోంది. దానికి ఇవతల గుర్రపుడెక్క పూలన్నీ ఎండలో మెరుస్తున్నాయి, లేత ఊదారంగు. గూడబాతులు ఉన్నాయి చూడు, సంచి ముక్కువి, అవి గీతకి కొంచెం ముందుగా ఈదుకుంటూ వస్తున్నాయి. తొందరేం లేదు వాటికి. వాన వాటిని తోలుకొస్తున్నట్టుంది. చివరికి పాక దాకా వచ్చింది. నా కుడిచెయ్యి తడిసింది, ఎడమచెయ్యి ఎండలో ఉంది. నేనలా చేతులు చాపుకుని నిలబడిపోయాను."

అత్తయ్యగారు రెండు చేతులూ జోడించారు.

"ఆ పెట్టెలో ఎప్పుడూ ఉండే కోటు ఇవాళే ఎందుకు లేదు? దేవుడి చెయ్యి కాకపోతే!" అన్నారు మా ఆయన.

నా ఒళ్లు మండిపోయింది. ఇదెక్కడి న్యాయం? కోటు పెడితే ఆయన దయ. తీసేసినా ఆయన దయేనా! నేను కోపంతో చేసిన పని కూడా ఆ పటంలో ఉన్నాయన ఖాతాలోకే వెళ్లిపోయింది. అంతకంటే ఘోరం, ఆ గుర్రపుడెక్క గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసినదాన్ని, అది ఎండకీ వానకీ మధ్య ఎలా మెరుస్తుందో నేను చూడలేదు. గుండుగొలనులో పుట్టి, కొల్లేటి గాలి పీలుస్తూ పెరిగి, వాన నడిచి రావడం చూడలేదు. ఈయన చూశారు. నేను లేకుండా. నా వల్ల. ఇంతవరకు దేవుడి మీదే కుళ్లు. ఇప్పుడు వాన మీద, గూడబాతుల మీద, ఆ తాటాకు పాక మీద కూడా.

అత్తయ్యగారు దీపం పెట్టడానికి లోపలికి వెళ్లారు. మా ఆయన జేబులోంచి ఏదో తీసి, తొడ మీద పెట్టి, మెల్లగా సాపు చేయడం మొదలుపెట్టారు. పాలిథిన్ కవరు.

"ఒక్కటే అర్థం కాలేదు నాకు," అన్నారు కవరు వైపే చూస్తూ. "కోటు తీసేసిన దేవుడు ఫోనుకి కవరెందుకు పెట్టాడా అని. రబ్బరుబ్యాండుతో సహా."

నేను ఆయన ప్యాంటుకి అంటిన బురద వైపు చూశాను.

"పాకలో నిలబడి ఆలోచించాను. స్వామికి నా మీద ఏదో కోపమొచ్చింది. కానీ పూర్తిగా రాలేదు."

"పూర్తిగానే వచ్చింది," అన్నాను.

"మరి కవరు?"

"ఫోను కొత్తదండీ."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "అన్నీ ఆయనే చేస్తే నేనెందుకండీ ఈ ఇంట్లో? తాళం ఆయన, గుండీ ఆయన, ఉద్యోగం ఆయన. అంతా ఆయనే. నేనెక్కడున్నాను? ఒక్కసారైనా నా పేరు చెప్పారా మీరు?"

ఆయన నవ్వు ఆపేశారు. తల మీది తువ్వాలు తీసి పక్కన పెట్టారు.

"చెప్పాలంటే భయం తేజూ. చిన్నప్పుడు నాకు మంచి మార్కులొస్తే అమ్మ ఎవరి దగ్గరా నా పేరు ఎత్తేది కాదు. దిష్టి తగులుతుందని 'స్వామి దయ' అనేది. నాకూ అదే అలవాటైంది. మరీ బాగున్నదాన్ని ఆయన పేరు మీద దాచుకోవడం." కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు. "అబద్ధం మాత్రం చెప్పలేదు. నిజంగా దేవుడి చెయ్యే అనుకుంటాను. కానీ ఆ చేతికి గాజులు లేవని నేనెప్పుడన్నా అన్నానా?"

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. పెళ్లి గాజులు. పొద్దున్న కోటు లాగేటప్పుడు ఒకటి చిట్లింది కూడా.

"అలా తీపి మాటలు కాదు. సూటిగా చెప్పండి. ఉద్యోగం ఎవరు తెచ్చుకున్నారు?"

"నువ్వు."

"గుండీ ఎవరు కుట్టారు?"

"నువ్వు."

"కోటు ఎవరు తీశారు?"

"నువ్వే! రాక్షసీ."

"వాన ఎవరు చూపించారు?"

ఆయన నోరు తెరిచి, దేవుడి గది వైపు చూసి, నా వైపు చూసి, ఆగిపోయారు. పాపం, చాలా ఇబ్బంది పడ్డారు. నన్ను నొప్పించడం ఇష్టం లేదు, లేనిది చెప్పడం చేతకాదు.

నేనే ఆలోచించాను. కోటు తీసేటప్పుడు నా మనసులో గూడబాతులు లేవు. ఊదారంగు పూలు లేవు. ఈ మనిషి తడిసి, తుమ్ముతూ వచ్చి, 'నువ్వు పెట్టకపోతే ఇంతే' అంటే చాలనుకున్నాను. నేను పంపింది అది. ఆయనకి చేరింది ఇంకొకటి. మధ్యలో ఎవరు మార్చారో నాకైతే తెలియదు. నా చేతికి మాత్రం అంత పనితనం లేదు.

"సరే," అన్నాను. "వాన మాత్రం ఆయనకే వదిలేస్తున్నాను."

"ఎంత దయ!" అన్నారు మా ఆయన. అప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు. ఉద్యోగం వచ్చిన రోజు సిద్ధంగా పెట్టుకున్న చెయ్యే.

అయినా కుళ్లు పోలేదు. కాసేపు ఆ చెయ్యి అలా ఉండనిచ్చాను, ఎందుకంటే బాగుంది. తర్వాత విడిపించుకుని లేచాను.

"ఎక్కడికి?"

"చెప్పొస్తాను."

కాళ్లు కడుక్కుని దేవుడి గదిలోకి వెళ్లాను. పెళ్లయ్యాక ఆ గదిలో దీపం పెట్టాను, పూలు పెట్టాను గాని పైకి మాట్లాడడం ఇదే మొదటిసారి. అత్తయ్యగారు వత్తి సరిచేస్తూ పక్కకి జరిగి చోటిచ్చారు. స్వామి అదే నవ్వు నవ్వుతున్నారు. ఈసారి నాకూ నవ్వొచ్చింది. ఇంకా ఎవరికీ చెప్పని మంచి వార్త నా దగ్గరొకటి ఉంది. మా ఆయన కంటే ముందు నేనే చెప్పబోతున్నాను.

"స్వామీ," అన్నాను, మా ఆయన గుమ్మం దాకా వచ్చి వింటున్నారని తెలిసి ఇంకొంచెం గట్టిగా. "రేపు శుక్రవారం. పొద్దున్నే నేనూ ఆయనా బండి మీద కొల్లేరు వెళ్తున్నాం. ఏలూరులో టిఫిను తిని, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ అమ్మవారికి నా ఉద్యోగం సంగతి చెప్పి, ఆ తాటాకు పాక దగ్గర నిలబడతాం. రెయిన్‌కోటు బియ్యం డ్రమ్ము వెనకే ఉంటుంది, తీసుకెళ్లడం లేదు. ఫోన్లకి కవర్లు నేను పెడతాను. మీ పని మీరు చూసుకోండి. సగం వాన, సగం ఎండ. తడిసే పక్కన ఈసారి నేను నిలబడతాను."